ఆరో కిటికీ ఆయన

పాత న్యూస్‌పేపరు ఉండ చుట్టి, నీళ్ళు చిలకరించి, కిటికీ అద్దాన్ని లోపలివైపు రుద్దడం అయిపోయి, బయటివైపు రుద్దడానికి ఆయన స్టూలు మోసుకెళ్తుంటే మేనేజరు పంపిన రేట్ల అట్ట చేతికొచ్చింది. స్టేడియం తూర్పు గోడలో వరసగా ఎనిమిది టికెట్ కిటికీలున్నాయి. ఆరోది ఆయనది. ముప్ఫై రెండేళ్ళుగా ఆయనదే కావడంతో స్టాఫంతా ఆయన్ని ఆరో కిటికీ ఆయన అంటారు. భార్య కూడా కోపమొచ్చినప్పుడు అలాగే అంటుంది. జనం ఫోన్లలో టికెట్లు కొనడం మొదలుపెట్టాక మిగిలిన ఏడింటికీ తలుపులు బిగించేశారు. ఫోను చేతకానివాళ్ళూ, చివరి నిమిషందాకా ఎటూ తేల్చుకోలేనివాళ్ళూ లోకంలో ఉన్నంతకాలం ఆరోదానికి ఢోకా లేదని ఆయన ధీమా.

అట్ట చూసి ఆయన ముందు నవ్వుకున్నాడు. ప్రెస్సువాళ్ళు సున్నా ఒకటి ఎక్కువ వేశారనుకున్నాడు. ఎర్ర పెన్సిల్‌తో దాన్ని కొట్టేయబోయి, ఎందుకైనా మంచిదని మేనేజరుకి ఫోన్ చేశాడు.

"సున్నా సరైనదేనండీ," అన్నాడు మేనేజరు. "ఇవాళ ఆడేది రెండు దేశాల ఫుట్‌బాల్ జట్లు. మన లీగు మ్యాచ్ కాదు."

"ఫ్రెండ్లీయే కదండీ. కప్పు లేదు, పాయింట్లు లేవు."

"ఆ ఫ్రెండ్లీకి రావడానికే ఆ జట్లు ఎంత పుచ్చుకున్నాయో మీకు తెలిస్తే కళ్ళు తిరుగుతాయి. అట్ట తగిలించండి."

తగిలించాడు. తగిలించి, కొనడానికొచ్చినవాడిలా బయట నిలబడి చూశాడు. అన్నిటికన్నా చవక టికెట్టు ఆయన వారం జీతం. ఇన్నేళ్ళలో తను కొనుక్కోలేని సరుకు అమ్మడానికి కూర్చోవడం ఆయనకి ఇదే మొదలు.

పదింటికి కిటికీ తీశాడు. మొదటి మనిషి అట్ట వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఇది వరుస మొత్తానికా అండీ?"

"ఒక్క సీటుకండీ."

ఆ మనిషి నోరు తెరిచింది తెరిచినట్టే నాలుగడుగులు వెనక్కి వేసి, తిరిగి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక జంట వచ్చింది. "మేం ఆట చూడ్డానికొచ్చామండీ, జట్టుని ఇంటికి తీసుకుపోడానికి కాదు," అని భర్త భుజం పట్టుకుని లాక్కుపోయింది భార్య. ఇంకొకతను, స్నేహంగా ఆడుకునే ఆటకే ఇంత గుంజితే వీళ్ళు పంతంపట్టి ఆడిననాడు ఇల్లు రాయించుకుంటారా అని మర్యాదగానే అడిగాడు. పదకొండున్నరకి వచ్చిన ముసలాయన మాత్రం అట్ట వంక చూడనే లేదు. ఈ ముసలాయన ఇరవై ఏళ్ళుగా ప్రతి మ్యాచ్‌కీ వస్తున్నాడు. మాట్లాడకుండా, లెక్కగా మడిచిన డబ్బు కన్నంలోంచి తోసేవాడు. ఇవాళా తోశాడు. ఆరో కిటికీ ఆయన దాన్ని తిరిగి బయటికి తోయవలసి వచ్చింది. ఇన్నేళ్ళూ సరిపోయిన డబ్బు ఇవాళ ఎందుకు చాలలేదో అర్థం కానట్టు, ఇద్దరూ కాసేపు దాని వంకే చూశారు.

కొనేవాళ్ళకి ఆయనలో కనిపించేది కుడి చెయ్యీ గడ్డమూ మాత్రమే. కిటికీ కన్నం అంత కిందికి ఉంటుంది. ఆ చేతి బొటనవేలు గోరు టికెట్లు చించీ చించీ ఒక పక్కకి అరిగిపోయింది. మాటలు వినడానికి కన్నం దగ్గర చెవి పెట్టీ పెట్టీ మెడ కుడివైపుకి ఒరిగి, అలాగే నిలిచిపోయింది. పెళ్ళి ఫోటోలో నిటారుగా ఉన్న మనిషి, ఇప్పుడు ఇంట్లో అన్నం తింటున్నా ఎవరిదో గుసగుస వింటున్నట్టు ఉంటాడు. గది వెడల్పు రెండు చేతులు చాపినంత. ఒక కుర్చీ, ఒక బల్ల, టికెట్ల కట్టలు. ఎదురు గోడ మీద, చట్రంలో బిగించిన స్టేడియం ప్లాను.

ఆ ప్లానే ఆయన చదువు. ముప్ఫై ఎనిమిది వేల సీట్లు, చిన్న చిన్న గళ్ళుగా. ఏ వరుసకి ఎన్నింటికి ఎండ వస్తుందో, ఏ మెట్లకి ఏ సీటు దగ్గరో కళ్ళు మూసుకుని చెబుతాడు. అయితే పైకి వెళ్ళి చూసింది మాత్రం ఒక్కసారీ లేదు. మ్యాచ్ అయ్యేదాకా కిటికీ వదలకూడదని చేరిన రోజే చెప్పారు. ఆ తర్వాత చెప్పినవాళ్ళు పోయారు, చెప్పిన రూలూ ఎవరికీ గుర్తులేదు, ఆయన మాత్రం వదల్లేదు. ఆయన గది తూర్పు గ్యాలరీకి సరిగ్గా కింద. గోలు పడితే పైన వేల కాళ్ళు ఒక్కసారి లేచేవి. కప్పు పగుళ్ళలోంచి సున్నం పొడి రాలి టికెట్ల మీద పడేది. పొడిని బట్టి ఎన్ని గోల్సో ఇంటికెళ్ళి భార్యకి చెప్పేవాడు.

ప్లాను మొత్తానికి ఆయనకి ఇష్టమైన గళ్ళు రెండు: తూర్పు గ్యాలరీ, ఎఫ్ వరుస, అరవై ఒకటి, అరవై రెండు. మైదానం మధ్యగీతకి సూటిగా ఎదురు. నెత్తిన కప్పు. వానా పడదు, ఎండా తగలదు. వాటిని ఆయన ఎవరికి పడితే వాళ్ళకి అమ్మేవాడు కాదు. తీసి పక్కన పెట్టి, తనకి అభిమానం ఉన్నవాళ్ళకే ఇచ్చేవాడు. భార్య ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఇచ్చాడు. ఇంటిగలాయనకి ఇచ్చాడు. ఎదురింటి కొత్త దంపతులకి ఇచ్చాడు. చిత్రమేమిటంటే, అవి పుచ్చుకున్నవాళ్ళెవరూ మళ్ళీ ఆయన దగ్గర టికెట్టు అడగలేదు. డాక్టరు ఎదురుపడితే ముభావంగా తలాడించేవాడు. ఇంటిగలాయన ఆ నెలలోనే అద్దె పెంచాడు. ఒకళ్ళిద్దరు మీ సీటు ఏమంత బాగోలేదని నసిగారు గానీ, జనం ఏదో ఒకటి అంటూనే ఉంటారు. మేలు చేసినవాళ్ళకే మనుషులు మొహం చాటేస్తారని ఆయన నిర్ధారణకొచ్చాడు. అప్పటినుంచీ ఎవరితోనూ పెద్దగా కలిసింది లేదు.

అందరిలోకీ ఎక్కువ మొహం చాటేసింది సొంత తమ్ముడు. పందొమ్మిదేళ్ళ కిందట పెద్ద మ్యాచ్ ఒకటి జరిగితే, ఊరంతా టికెట్ల కోసం కొట్టుకుంటుంటే, తమ్ముడికీ అతని మామగారికీ ఆయన ఎఫ్ అరవై ఒకటీ అరవై రెండూ ఇచ్చాడు. మర్నాటినుంచి తమ్ముడు మాట మానేశాడు. ఎందుకని ఆయన అడగలేదు. పెద్దవాణ్ణి, నేనెందుకడగాలి అనుకున్నాడు. శుభకార్యాల్లో ఎదురుపడితే ఇద్దరూ వడ్డించేవాళ్ళతో మాట్లాడుతూ తప్పుకునేవాళ్ళు. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కినా ఆయన గోడమీద మెకానిక్కు ఫోను నంబరు చూసి, తమ్ముడిదైతే దిగేదాకా దాన్నే చూస్తూ ఉండేవాడు.

పన్నెండింటికి అమ్ముడైనవి ఏడు. అప్పుడు మేనేజరు స్వయంగా వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్లలోనూ అమ్మకాల్లేవట.

"మ్యాచ్ ప్రపంచమంతా చూపిస్తారండీ. కెమెరా తిప్పితే కుర్చీలే కనబడతాయి," అన్నాడు. స్టాఫంతా ఇంటివాళ్ళని పిలిపించమని, ఒక్కొక్కరికి రెండేసి పాసులిచ్చి వెళ్ళాడు.

ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"నాకెందుకండీ బంతాట. మీ తమ్ముణ్ణి పిలవండి," అంది భార్య.

"వాడొస్తాడా?"

"పిలిస్తేగా తెలిసేది. మీరు పిలవరు, అతను రాడు. మీ ఇద్దరి మధ్యా నా జుట్టు నెరిసింది. ఉండండి, నేనే చేస్తాను."

"సీటు ఎఫ్ అరవై ఒకటని చెప్పు," అన్నాడు ఆయన.

పావుగంటకి మళ్ళీ మోగింది. "ఏ సీటని అడిగాడు. మీరు చెప్పమన్నట్టే ఎఫ్ అరవై ఒకటన్నాను. అదేనా అని రెండుసార్లు అడిగాడండీ. తర్వాత, వస్తున్నాను వదినా, చూస్తానన్నాడు."

కరిగిపోయాడు వెర్రివెధవ అనుకున్నాడు ఆయన. అదే సీటు మళ్ళీ ఇస్తున్నానంటే నా మనసులో ఏమీ లేదని అర్థమయి ఉంటుంది. పాసులు గేటు దగ్గర టికెట్లు చూసే ఆవిడకిచ్చి, అరవై ఒకటి తమ్ముడికి ఇమ్మని, అరవై రెండు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాడు. అప్పటినుంచీ కాలు నిలవలేదు. తమ్ముడొచ్చి కిటికీ ముందు నిలబడతాడా, మాట్లాడతాడా, లేక పాసు తీసుకుని చక్కా పోతాడా? ఇక టికెట్లు అమ్ముడైతే ఎంత, కాకపోతే ఎంత.

మూడున్నరకి గేటావిడ కిటికీ దగ్గరికొచ్చింది. "మీ తమ్ముడుగారు లోపలికెళ్ళి పావుగంటయిందండీ. మీ ముక్కే. ఎవరైనా పోల్చుకుంటారు."

"ఏమైనా అన్నాడా?"

"ఏం లేదండీ. ఎక్కుతున్నప్పుడు మెట్లని తిట్టుకున్నారు."

నాలుగింటికి విజిల్ వినబడింది. ఆయన అలవాటుగా కప్పు వంక చూశాడు. కాళ్ళ చప్పుడు లేదు. అరుపు లేదు. ముప్ఫై రెండేళ్ళలో ఆ కప్పు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. మ్యాచ్ రద్దయిందేమో అనుకున్నాడు. పావుగంట చూశాడు, అరగంట చూశాడు. కిటికీ ముందు పురుగు లేదు. ఆఖరికి లేచి, తాళం వేసి, మెట్లవైపు నడిచాడు. చేస్తున్నదేమిటో కాళ్ళకి తెలిసింది గానీ తలకి ఇంకా తెలియలేదు.

నూట పన్నెండు మెట్లు. ప్లానులో అవి వేలి గోరంత ఉంటాయి. పైకొచ్చేసరికి వెలుగు మొహాన కొట్టింది. మైదానం అంత పచ్చగా ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. చుట్టూ ముప్ఫై ఎనిమిది వేల నీలం కుర్చీలు, దాదాపు ఎవరూ లేక, ఎండలో మెరుస్తున్నాయి. ఇక్కడ నలుగురు, అక్కడ ఇద్దరు. ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం, బంతిని తన్నిన చప్పుడు గోడకి తగిలి తిరిగిరావడం స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆయన ప్లానులో చూసిన గళ్ళు ఈ కుర్చీలన్నమాట.

ఎఫ్ వరుస వెతుక్కుంటూ నడిచాడు. తమ్ముడు కనిపించాడు. మెడ బాగా ఎడమకి వంచి, ఒక పక్కనుంచి తొంగిచూస్తూ కూర్చున్నాడు. అతని ముందు, రెండు బారల దూరంలో, పైకప్పుని మోస్తున్న ఇనప స్తంభం ఉంది. ఇద్దరు మనుషులు కౌగలించుకున్నా చేతులు అందనంత లావుంది.

పక్క సీటు మీద నీలంగళ్ళ చేతిరుమాలు పరిచి ఉంది. గ్యాలరీ మొత్తం ఖాళీగా ఉన్నా, బస్సులో వేసినట్టు, తమ్ముడు కర్చీఫు వేసి సీటు పట్టాడు.

"కూర్చో అన్నయ్యా," అన్నాడు తల తిప్పకుండానే. "నీకోసమే పట్టాను. నువ్వూ చూద్దువుగాని."

ఆయన కూర్చున్నాడు. మైదానం లేదు. స్తంభానికి ఈ పక్క ఒక గోలు కీపరు, ఆ పక్క ఒక జెండా, అంతే.

"ఇదెప్పుడు కట్టారు?" అన్నాడు.

"ఏది?"

"ఈ స్తంభం."

తమ్ముడు ఈసారి తిరిగి చూశాడు. వెటకారమేమోనని మొహమంతా వెతికాడు. స్తంభం మీద రంగు పొరలు పొరలుగా లేచి ఉంది. బోల్టులు తుప్పు తాగి నల్లబడ్డాయి. "స్టేడియంతో పాటే కట్టుంటారు. దీని మీదే కదా కప్పు నిలబడింది."

"ప్లానులో లేదురా."

"ఏ ప్లాను?"

"నా ఎదురుగా ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళుగా చూస్తున్నాను. అందులో స్తంభం లేదు."

తమ్ముడు వంచిన మెడ నిటారుగా ఎత్తాడు. "నువ్వు పైకెప్పుడూ రాలేదా?"

"ఇవాళే."

కింద బంతి ఎక్కడో ఉంది. ఇద్దరికీ కనబడలేదు.

"నేనేమనుకున్నానో తెలుసా?" అన్నాడు తమ్ముడు మెల్లగా. "మా అన్నయ్య బెస్టు సీట్లు ఇచ్చాడని మామగారికి దారిపొడుగునా చెప్పి తీసుకొచ్చాను. వచ్చి ఇక్కడ కూర్చున్నాం. తల కొట్టేసినట్టయింది. ఆయన పోయేదాకా, పదిమందిలో కూర్చున్నప్పుడల్లా, మా అల్లుడిగారి అన్నగారు నాకు స్తంభం చూపించారండీ అని చెప్పేవాడు. నువ్వు కావాలనే చేశావనుకున్నాను. ఇవాళ వదిన మళ్ళీ అదే నంబరు చెబితే ఒళ్ళు మండిపోయింది. నాలుగూ దులిపేసి పోదామనే వచ్చాను."

"దులిపెయ్యి."

"ఎవర్ని దులపను? నీ మొహం చూస్తే ఆ స్తంభాన్ని నువ్వే గుద్దుకున్నట్టుంది."

తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా, ఆయాసం వచ్చేదాకా నవ్వి, గుండెల మీద చెయ్యేసుకుని, లిఫ్టుల పనిలో పడి మెట్లెక్కడం మర్చిపోయానన్నాడు. ఆయనకి నవ్వు రాలేదు. డాక్టరు గుర్తొచ్చాడు. ఇంటిగలాయన గుర్తొచ్చాడు. కొత్త దంపతులు గుర్తొచ్చారు. అభిమానం ఉన్నవాళ్ళందరినీ ఏరికోరి తెచ్చి స్తంభం వెనక కూర్చోబెట్టాడు. వాళ్ళ మొహాలు ముడుచుకుంటే మనుషులింతే అనుకున్నాడు. అలా అనుకుని ఒక్కడే బతికేశాడు. తమ్ముడు ఆయన మోకాలి మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ ఆయన కదల్లేదు.

సగం ఆట అయినట్టు విజిల్ పడింది. జేబులో ఫోను మోగింది.

"మీరు చెప్పిన సున్నా తీసేశామండీ," అన్నాడు మేనేజరు. "సగం అయిపోయింది కదా, పదో వంతుకి అమ్మేయండి. మైకులో చెప్పించాను. గేటు బయట జనం ఉన్నారు. త్వరగా రండి."

"వెళ్ళు," అన్నాడు తమ్ముడు. "కిటికీ పిలుస్తోంది."

"పది నిమిషాలు. రెండో సగం నీతోనే చూస్తాను."

"సరే. నేను ముందుకెళ్ళి స్తంభం లేని చోట సీటు పడతాను."

కింద, ఆరో కిటికీ ముందు నిజంగానే వరస కట్టారు. పొద్దున నోరెళ్ళబెట్టి వెళ్ళినవాళ్ళు, స్టేడియం చుట్టూ తిరుగుతూ ఎటూ పోలేనివాళ్ళు, వీధి మలుపుదాకా ఉన్నారు. ఆయన చెయ్యి పరుగెత్తింది. ఇంత వరస చూసి ఎన్నేళ్ళయిందో. "ఎఫ్ వరుస వద్దండీ, అడ్డంగా స్తంభం ఉంది," అని ఒక్కొక్కరికీ పనిగట్టుకుని చెప్పాడు. "నేను చూశాను. ముందుకెళ్ళి కూర్చోండి." నేను చూశాను అన్నప్పుడల్లా కొత్త చొక్కా తొడుక్కున్నట్టు ఉంది. పది నిమిషాలు ఎప్పుడు దాటాయో తెలియలేదు. ఇంకొక్కరు, ఇంకొక్కరు అనుకుంటుండగానే పైన కాళ్ళు ధన్‌మని లేచాయి. సున్నం పొడి చేతి మీద రాలింది. గోలు. తమ్ముడు ఎగిరి గంతేసి ఉంటాడు, చిన్నప్పట్నుంచీ అంతే.

వరస అయిపోయేసరికి ఆటలో ఇంకో పది నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆఖరి విజిల్‌కి ముందే కిటికీ మూయడం ఆయనకి ఇవాళ ఇది రెండోసారి. మెట్లు రెండేసి ఎక్కాడు.

ముందు వరుసలో, మధ్యగీతకి ఎదురుగా, తమ్ముడి వీపు కనిపించింది. అటూ ఇటూ జనం. అతనికి అటుపక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది. "బాగా ఆలస్యం చేశానా?" అంటూ ఆయన వెళ్ళి ముందు నిలబడ్డాడు. తమ్ముడి గడ్డం ఛాతీని తాకుతోంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి, గడ్డిని చూస్తున్నాయి.

"ఒరేయ్," అన్నాడు ఆయన. భుజం పట్టుకున్నాడు. తల పక్కకి వాలింది.

రెండు సీట్ల అవతల కూర్చున్న ఆవిడ లేచి నిలబడింది. "మీవాళ్ళా అండీ? పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాను, పలకలేదు. రుమాలు వేసి ఉంటే ఎవరికోసమో పట్టారనుకున్నాను. గోలు పడ్డా లేవలేదు. అవతలి జట్టు మనిషేమో అనుకున్నానండీ."

"ఇప్పుడే మాట్లాడాడండీ," అన్నాడు ఆయన. ఆవిడతో అన్నాడు, పరుగెత్తుకొచ్చిన ప్రథమ చికిత్సవాళ్ళతో అన్నాడు. వాళ్ళు మెడ మీద వేళ్ళుంచి చూసి, ఛాతీ మీద చెవి పెట్టి చూసి, ఒకరినొకరు చూసుకుని, తొందర మానేశారు. "ఇప్పుడే మాట్లాడాడు. నవ్వాడు కూడా." ఏడుపు రావడం లేదు. పందొమ్మిదేళ్ళు ఎవరూ అడ్డంలేరు, ఇవాళ పావుగంట దొరికింది, ఆ పావుగంట పక్కన ఇంకో ముప్పావుగంట చేతిలో పెట్టి దేవుడు కూర్చోమన్నా, తను వెళ్ళి టికెట్లు అమ్మాడు. ఇది ఎలా జరిగిందో ఆయనకి బోధపడలేదు.

ఆఖరి విజిల్ పడింది. మైకులో ఎవరో గొంతు సవరించుకుని, ఇవాళ మ్యాచ్‌కి ఇరవై తొమ్మిది వేలమంది వచ్చారని ప్రకటించారు. ఖాళీ కుర్చీల వంక చూసి ఎవరో నవ్వారు. స్ట్రెచరు లేచింది. తమ్ముడి చెయ్యి ఒకటి జారి పక్కకి వేలాడితే, ఆయన దాన్ని తీసి పొట్ట మీద పెట్టి, పడిపోకుండా పట్టుకుని వాళ్ళతో పాటే మెట్లు దిగాడు. చెయ్యి వదిలి వెనక్కి వెళ్ళి ఏమైనా తెచ్చుకోవాలని తోచలేదు.

జనం వెళ్ళిపోయారు. ముందు వరుసలో అరవై రెండో సీటు మీద చేతిరుమాలు నాలుగు మూలలూ సాగదీసి పరిచి ఉంది. గాలికి ఎగరకుండా దాని మధ్యలో గ్రీజు మరకల ఇనప నట్టు ఒకటి పెట్టి ఉంది.